“సెషన్ పోయిందక్కా, రికవరీ చేస్తా” అంటున్నాడు తమ్ముడు. ఈ మాటలకు అర్థం ఏమిటి?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. నాన్న లేరు. నేను శ్రీకాకుళంలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చూస్తాను. తమ్ముడికి 23 ఏళ్లు, విజయనగరంలో రూమ్ తీసుకుని కానిస్టేబుల్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. మొన్న ఇంటికొచ్చి 40 వేలు కావాలన్నాడు. ఎందుకని గట్టిగా అడిగితే ఏడ్చేసి, ఫోన్ నా చేతిలో పెట్టి నువ్వే చూసుకో అన్నాడు. క్రికెట్ బెట్టింగ్‌లో 70 వేల దాకా పోయిందట. ఆ చాటింగ్ అంతా ఐడీ, పాయింట్లు, లగాయీ, ఖాయీ, సెషన్, ఆడ్స్, కాంబో... ఒక్క ముక్క అర్థం కాలేదు. “నాకు ఆట బాగా తెలుసక్కా, లక్ బాలేదంతే, ఈ 40 పెడితే మొత్తం వచ్చేస్తుంది” అంటున్నాడు. ఆ మాటలేవో తెలియకుండా వాడితో ఎలా మాట్లాడను? స్కూలు పిల్లకి చెప్పినట్టు చెప్పండి. డబ్బు ఇవ్వాలా వద్దా?

సమాధానం: అమ్మా, ముందు రెండో ప్రశ్నకే జవాబు చెప్తాను. ఆ 40 వేలు ఇవ్వకండి. ఎందుకు ఇవ్వకూడదో మీకు లెక్కతో సహా తెలియాలి, లేకపోతే రెండు రోజులకి వాడు మళ్లీ ఏడిస్తే మీ మనసు కరిగిపోతుంది. నేను విజయనగరంలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని. వాడు ఫోన్ మీ చేతిలో పెట్టాడంటే గుంటడు ఇంకా చెయ్యి దాటిపోలేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. దాచిపెట్టేవాళ్లు అలా ఇవ్వరు.

మీది పల్లె కాబట్టి మీకు తెలిసిన మాటతోనే మొదలుపెడతాను. ధాన్యం మిల్లుకి తోలినప్పుడు తేమ అనీ, తప్ప గింజలు అనీ బస్తాకి ఇన్ని కిలోలు తరుగు తీసేస్తారు కదా, పంట బాగున్నా బాగోకపోయినా ఆ తరుగు మాత్రం పోతుంది. బెట్టింగ్‌లో ప్రతి మాట లోపలా ఒక తరుగు ఉంటుంది. మీ తమ్ముడికి ఆ మాటలన్నీ వచ్చు, వాటిలో తరుగు ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

పందెం తీసుకునేవాడు బుకీ. పందెం కాసేవాడిని పంటర్ అంటారు. కాసిన సొమ్ము స్టేక్. ఇక ఆడ్స్ అంటే రేటు, గెలిస్తే ఎంత వస్తుందో చెప్పే అంకె. ఇది ఒక్కటి అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

సంక్రాంతికి మీ ఊరికీ పక్క ఊరికీ కబడ్డీ అనుకుందాం, రెండు జట్లూ సమానం, ఎవరు గెలుస్తారో ఎవరూ చెప్పలేరు. న్యాయంగా అయితే వెయ్యి పెట్టి గెలిచినవాడికి రెండు వేలు రావాలి, అంటే రేటు 2.00 ఉండాలి. బుకీ అలా ఇవ్వడు. రెండు వైపులా 1.90 ఇస్తాడు. మీరు మీ ఊరి మీద వెయ్యి, ఇంకొకరు పక్క ఊరి మీద వెయ్యి పెట్టారు, వాడి చేతికి రెండు వేలు వచ్చాయి. ఎవరు గెలిచినా వాడు ఇచ్చేది 1,900. వంద రూపాయలు మిగిలాయి, వాడికి కబడ్డీ రానక్కర్లేదు, ఎవరు గెలుస్తారో తెలియనక్కర్లేదు. ఆ వందే తరుగు, వాళ్ల భాషలో మార్జిన్. విదేశీ సైట్లలో దీన్నే విగ్ అనీ, జ్యూస్ అనీ అంటారు.

దీన్నే ఇంకో వైపు నుంచి చూడండి. 100ని 1.90తో భాగిస్తే 52.63 వస్తుంది. అంటే ఆ రేటుకి ఆడేవాడు వందలో 53 సార్లు గెలిస్తేనే సొంత డబ్బు నిలబడి పైన కాస్త మిగులుతుంది. సగానికి సగం, 50 సార్లు గెలిచినా నష్టమే. వెయ్యి చొప్పున వంద పందేలకి లక్ష పెట్టి 50 గెలిస్తే తిరిగొచ్చేది 95 వేలు. లక్ బాలేదు అని మీ తమ్ముడు అంటున్నాడు కదా, లక్ సరిగ్గా సమానంగా ఉన్నా 5 వేలు పోయేలా ఆ రేటు కట్టారమ్మా. వాడికి ముందు ఈ లెక్కే వేసి చూపించండి, వాడి చేతే కాలిక్యులేటర్ నొక్కించండి.

ఇలా 1.90, 2.40 అని చుక్క పెట్టి రాస్తే డెసిమల్ ఆడ్స్, అందులో మనం పెట్టిన సొమ్ము కూడా కలిసే ఉంటుంది. 5/2 అని రాస్తే ఇంగ్లండ్ పద్ధతి, రెండు పెడితే అయిదు లాభం, పెట్టింది వేరే వస్తుంది. మైనస్ 110 అని కనిపిస్తే అమెరికా పద్ధతి, వంద గెలవడానికి 110 పెట్టాలని అర్థం. రేటు తక్కువ ఉన్న జట్టు ఫేవరెట్, గెలుస్తుందని ఎక్కువమంది అనుకునేది. రేటు ఎక్కువ ఉన్నది అండర్‌డాగ్. ఫేవరెట్ మీద పెడితే సేఫ్ అని కుర్రాళ్లు అనుకుంటారు. అది గెలిచే అవకాశం ఎంత ఎక్కువో రేటు అంతకు మించి తగ్గించేసి ఉంటారు కాబట్టి అక్కడా తరుగు తరుగే.

ఇప్పుడు మన వాట్సాప్ బుకీల భాష. లగాయీ, ఖాయీ రెండూ హిందీ నుంచి వచ్చినవి. లగాయీ అంటే ఒక జట్టు గెలుస్తుందని పెట్టడం. ఖాయీ అంటే ఆ పందేన్ని తినడం, అంటే ఆ జట్టు గెలవదని అవతలి వైపు నిలబడటం. రేటు పైసల్లో చెప్తారు. ‘ఇండియా 60-62’ అని మెసేజ్ వచ్చిందంటే, ఇండియా మీద వంద లగాయీ చేస్తే గెలిచినప్పుడు 60 లాభం, అదే ఖాయీ చేస్తే ఇండియా ఓడినప్పుడు వంద వస్తుంది, గెలిస్తే 62 మీరు కట్టాలి. 60కీ 62కీ మధ్య ఉన్న ఆ రెండు పైసలు చూశారా, అదీ తరుగే. పేటీ అంటే లక్ష, ఖోఖా అంటే కోటి. మీ తమ్ముడి చాటింగ్‌లో పేటీ అనే మాట ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే నాకు ఆందోళనగా ఉంటుంది.

సెషన్ దగ్గర మాత్రం ఆగుతాను, ఎందుకంటే మన దగ్గర పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. మ్యాచ్ ఎవరు గెలుస్తారన్నది కాకుండా మొదటి ఆరు ఓవర్లలోనో పది ఓవర్లలోనో ఎన్ని పరుగులు వస్తాయన్నది సెషన్. దీన్నీ, ఇలాంటి చిల్లర పందేల్నీ కలిపి ఫ్యాన్సీ అంటారు. ‘ఆరు ఓవర్లు 48-49’ అని ఇస్తారు. 49 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తాయి అనుకుంటే యెస్, 48 కన్నా తక్కువే అనుకుంటే నో. మరి సరిగ్గా 48 వస్తే? యెస్ అన్నవాడూ ఓడిపోయాడు, నో అన్నవాడూ ఓడిపోయాడు, ఇద్దరి డబ్బూ బుకీదే. ఇది నేను మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. పైగా మ్యాచ్ ఒక్కటే అయినా సెషన్లు పది, పదిహేను పెడతారు, ఒక సాయంత్రంలో పదిహేనుసార్లు తరుగు తీయించుకున్నట్టు.

ఆట నడుస్తుండగా కాయడాన్ని లైవ్ లేదా ఇన్-ప్లే అంటారు. ఫోన్‌లో మ్యాచ్ మనకి కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. బౌలర్ పరిగెత్తడం మీ తమ్ముడు చూసేసరికి విశాఖ స్టేడియంలో కూర్చున్నవాళ్లు ఆ బంతికి వికెట్ పడటం చూసేసి ఉంటారు, బుకీ రేటు మార్చేసి ఉంటాడు. మధ్యలో క్యాష్-అవుట్ అని బటన్ వస్తుంది, మన పందేన్ని వాళ్లే తక్కువకి కొనేయడం. అమ్మినప్పుడు ఒకసారి తరుగు పోయింది, వెనక్కి కొన్నప్పుడు మళ్లీ పోయింది.

హ్యాండిక్యాప్ అంటే బలహీన జట్టుకి కొన్ని గోల్స్ గానీ పాయింట్లు గానీ ముందే కలిపి పందెం సమానం చేయడం, ఫుట్‌బాల్‌లో ఎక్కువ. ఓవర్-అండర్ అంటే మొత్తం స్కోరు ఒక అంకె కన్నా ఎక్కువా తక్కువా అనేది. ఇవి తేలికే.

కాంబో అంత తేలిక కాదు. అక్యుములేటర్, పార్లే, మల్టీ అన్నీ ఇదే. అయిదు మ్యాచ్‌లు కలిపి ఒక పందెం, అయిదూ గెలిస్తేనే డబ్బు, ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. వంద పెడితే 2,476 అని పచ్చ రంగులో మెరుస్తుంది, ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అయిదు సమానమైన మ్యాచ్‌లు వరసగా గెలిచే అవకాశం 32లో ఒక వంతు, న్యాయంగా ఇవ్వాల్సింది 3,200. 1.90ని అయిదుసార్లు హెచ్చిస్తే 24.76 వస్తుంది, 2ని అయిదుసార్లు హెచ్చిస్తే 32. ఒక్క మ్యాచ్‌లో నూటికి 5 ఉన్న తరుగు అయిదు కలిపేసరికి నూటికి 22 దాటింది. పెద్ద అంకె కనిపించే చోటే తరుగు ఎక్కువ.

ఐడీ అంటే సైట్‌లోకి వెళ్లే పేరూ పాస్‌వర్డూ, పైన ఒక ఏజెంట్ ఇస్తాడు. డబ్బు వాడికి ఫోన్‌పే చేస్తే పాయింట్లు ఎక్కిస్తాడు. రూపాయల్ని పాయింట్లు అని ఎందుకంటారో ఆలోచించండి. 500 రూపాయలు పోయాయంటే గుండె ఝల్లుమంటుంది, 500 పాయింట్లు పోతే అనదు. కానిస్టేబుల్ కోచింగ్ కుర్రాడికి 500 అంటే ఎన్ని రోజుల టిఫినో వాడికే బాగా తెలుసు.

బోనస్ కూడా చెప్పాలి. ‘వెయ్యి వేస్తే ఇంకో వెయ్యి ఫ్రీ’ అంటారు, కింద చిన్న అక్షరాల్లో రోల్ఓవర్ పది రెట్లు అని ఉంటుంది. ఆ వెయ్యి బయటికి తీయాలంటే ముందు పది వేల పందేలు ఆడాలని దాని అర్థం. నూటికి అయిదు చొప్పున సగటున 500 అక్కడే తరుగు, అది కూడా అన్నీ సవ్యంగా జరిగితే. విత్‌డ్రాయల్ ఆపేస్తే అడగడానికి మనకి ఆఫీసూ లేదు, రసీదూ లేదు.

టెలిగ్రామ్‌లో టిప్పర్లు ఉంటారు, అంటే ఎవరు గెలుస్తారో ముందే చెప్తామనేవాళ్లు, ‘ఫిక్స్‌డ్ రిపోర్ట్, అయిదుకి అయిదు కరెక్ట్’ అంటూ. అది ఎలా చేస్తారో చెప్తాను. 1,024 మందిలో సగం మందికి ఒక జట్టు గెలుస్తుందనీ, మిగతా సగానికి రెండో జట్టు గెలుస్తుందనీ పంపుతారు. కరెక్ట్ వచ్చిన 512 మందిని ఉంచుకుని వాళ్లని మళ్లీ రెండుగా విడగొడతారు. అలా అయిదు మ్యాచ్‌లయ్యేసరికి 32 మంది మిగులుతారు, వాళ్ల కంటికి ఈ మనిషి దేవుడు. ఆరో రిపోర్ట్‌కి వాళ్లని డబ్బు అడుగుతారు. మీ తమ్ముడు ఆ 32 మందిలో ఒకడై ఉంటే వాడు మోసపోయినందుకు తిట్టకండి, చదువుకున్నవాళ్లు కూడా అందులో పడతారు.

ఇక వాడి అసలు మాట, రికవరీ. పోయినప్పుడల్లా రెట్టింపు పెడుతూ పోతే ఎప్పుడో ఒకసారి గెలిచి అంతా వచ్చేస్తుందన్న నమ్మకం ఇది. 500తో మొదలుపెట్టి ఆరుసార్లు వరసగా పోతే 500, 1,000, 2,000, 4,000, 8,000, 16,000, మొత్తం 31,500. ఏడోసారి 32,000 పెట్టి గెలిచాడే అనుకోండి, 90 పైసల రేటుకి లాభం 28,800. గెలిచాక కూడా 2,700 లోటే! మీ 40 వేల సంగతీ చూడండి. అంతా ఒకే పందెం మీద పెట్టి గెలిస్తే లాభం 36 వేలు, పోయిన 70 వేలకి అది సగమే, కాబట్టి వాడు ఆగడు, ఇంకోసారి పెడతాడు. వరసగా రెండు గెలవాలి, అది నాలుగింట ఒక వంతు. మొదటి పందేనికే మీ 40 వేలూ ఊడ్చుకుపోయే అవకాశం సగానికి సగం.

‘నాకు ఆట తెలుసు’ అనేది అబద్ధం కాదు, వాడికి నిజంగానే తెలిసి ఉంటుంది. మీ ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారికి ఆట తెలుసు, ఆ తెలివి బరువుని పైకి లేపింది. మీ తమ్ముడికి తెలిసింది ఏ బంతినీ ఇటు నుంచి అటు కదపలేదు. పైగా వాడికి తెలిసిన పిచ్, టాస్, ఫామ్ అన్నీ బుకీకి ముందే తెలుసు, రేటు కట్టిందే వాటితో.

చట్టం మాట కూడా వాడికి గట్టిగా చెప్పాలి, కానిస్టేబుల్ కావాలనుకుంటున్నాడు కాబట్టి మరీ. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలనూ అందులోకి తెచ్చారు, నడిపేవాళ్లకే కాదు ఆడేవాళ్లకూ ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది, నడిపేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఇది నైపుణ్యంతో ఆడే ఆట అని కొందరు ఏజెంట్లు వాదిస్తారు, ఆ చట్టం నైపుణ్యమా అదృష్టమా అని తేడా చూడదు. ఉద్యోగం వచ్చే ముందు పోలీసులు వెనకా ముందూ విచారిస్తారు. ఒక్క కేసు ఉంటే వాడు పొద్దున్నే లేచి పరిగెత్తిన పరుగంతా నీళ్లపాలు.

ఇంకో ప్రమాదం ఉంది, అది నన్ను ఎక్కువ భయపెడుతుంది. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి బాకీ తీర్చలేక ఏజెంట్ అడిగాడని తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ వాడికి ఇచ్చేశాడు, నెలకి కొంత ఇస్తానన్నాడట. ఎవరెవరి డబ్బో ఆ ఖాతాలోంచి పారింది. ఖాతా స్తంభించింది, ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు వచ్చింది, వాళ్లమ్మ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది. మీ తమ్ముడు పాస్‌బుక్ గానీ సిమ్ గానీ ఎవరికైనా ఇచ్చాడా అని ఈ రోజే అడగండి. ఇచ్చి ఉంటే వెంటనే బ్యాంకుకి వెళ్లి ఖాతా ఆపించి, 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి చెప్పండి.

ఇక ఏం చేయాలంటే, ఆదివారం మీ షాపు సెలవైతే వాణ్ణి ఇంటికి పిలవండి, అన్నం పెట్టాక కాగితం, పెన్ను తీయండి. ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో వాడి చేత్తోనే రాయించండి. స్నేహితులవి ఒక పక్క, లోన్ యాప్‌లవి ఒక పక్క, బుకీవి వేరే పక్క. ఈ మూడూ ఒకటి కాదు. పందెం మీద పెట్టుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెప్తోంది, ఆ బాకీ కోసం బుకీ కోర్టుకి వెళ్లలేడు. అందుకే బెదిరిస్తాడు. బెదిరింపులు వస్తే మెసేజ్‌లు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి, ముందు న్యాయ సలహా తీసుకుని పోలీసుల దగ్గరికి వెళ్లండి. ఆడటం కూడా నేరమే కాబట్టి తొందరపడి ఏదో ఒకటి రాసి ఇవ్వడం మంచిది కాదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని చట్టమే ఉంది, 15100 నంబరుకి చేయండి, మొహమాటపడకండి. స్నేహితుల అప్పు, కోచింగ్ ఫీజు బాకీ ఉంటే మీరు సాయం చేయొచ్చు, అయితే వాడి చేతికి కాకుండా నేరుగా వాళ్లకే కట్టండి.

ఆ ఐడీ ఇచ్చినవాడి నంబరు, టెలిగ్రామ్ గ్రూపులు మీ ఎదుటే తీసేయమనండి, బెదిరింపుల స్క్రీన్‌షాట్లు తీశాకే. కొన్నాళ్లు జీతం డబ్బు, ఇంటి డబ్బు మీ ఖాతాలోనే ఉంచండి. రాత్రుళ్లు నిద్రపోవడం లేదా, చచ్చిపోతాను అనే మాట ఎప్పుడైనా అన్నాడా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడొద్దు. అన్నాడంటే వాణ్ణి ఒంటరిగా వదలకండి, 14416 టెలి మానస్ నంబరుకి, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆడకుండా ఉండలేకపోతున్నాను అని వాడే చెప్పినా ఇదే నంబరు.

తిట్టొద్దని అనను, అక్క కదా, నోరు ఊరుకోదు. కాకపోతే కబడ్డీ లెక్క, 48-49 సెషన్ లెక్క, రికవరీ లెక్క, ఈ మూడూ వాడితో వేయించాక తిట్టండి. జాబితా రాశాక మొత్తం ఎంత తేలిందో, యాప్‌ల అప్పు అందులో ఎంతో నాకు రాయండి, ఏది ముందు కట్టాలో మీ జీతం చూసుకుని లెక్క వేసి పంపుతాను.